చెవి మిషన్ ధరలో ఏముంది? హైదరాబాద్‌లో వినికిడి యంత్రాల వ్యాపారం, రాబోయే మార్పులు

ఇంట్లో పెద్దవాళ్లకు వినికిడి తగ్గిందని తేలాక మొదలయ్యే తికమక చాలా కుటుంబాల్లో ఒకేలా ఉంటుంది. ఫోన్‌లో వెతికితే 1,200 రూపాయలకే చెవి మిషన్ కనిపిస్తుంది. కోఠిలో సర్జికల్ షాపులో అడిగితే జేబులో పెట్టుకునే మిషన్ రెండు మూడు వేలంటారు. హిమాయత్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో హియరింగ్ క్లినిక్‌కు వెళితే ఒక్కో చెవికి 15, 20 వేల నుంచి రెండున్నర లక్షల దాకా రకరకాల మోడళ్లు చూపిస్తారు. లక్ష ఎంఆర్‌పీ ఉన్న మిషన్‌ను 40 శాతం తగ్గించి 60 వేలకు ఇస్తామంటారు. ఈలోగా డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి, "తొందరపడకండి నాన్నా, ఇక్కడ కాస్ట్‌కోలో పదిహేను వందల డాలర్లకు జత వస్తుంది, వచ్చేటప్పుడు నేను తెస్తా" అంటాడు. యాపిల్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే చాలట కదా అని మేనల్లుడు వాట్సాప్‌లో లింకు పంపిస్తాడు.

వీటిలో ప్రతి ధర వెనకా ఓ లెక్క ఉంది. ఆ లెక్క తెలియకపోవడం వల్ల కొందరు అవసరానికి మించి పెడుతున్నారు, ఇంకొందరు చవకగా కొన్న వస్తువు పనిచేయక, మిషన్లే దండగ అనుకుని మళ్లీ ఆ ఊసెత్తడం లేదు. నా దృష్టిలో రెండో నష్టమే పెద్దది.

మాట వినిపిస్తుంది, ఏమన్నారో తెలియదు

ముందు చెవి సంగతి చూద్దాం. వినికిడి పరీక్షించే నిపుణులైన ఆడియాలజిస్ట్ పరీక్ష చేసి చేతికిచ్చే కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. అందులో అడ్డంగా ఎడమ నుంచి కుడికి బొంగురు శబ్దాల నుంచి సన్నని శబ్దాల దాకా ఉంటాయి, వీటి కొలత హెర్ట్జ్, ఆ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్ననిదవుతుంది. నిలువుగా ఉండేవి డెసిబెల్స్, అంటే ఆ శబ్దాన్ని ఎంత పెంచితే ఆ మనిషి చెవి పట్టుకుందో చెప్పే అంకెలు. గీత కిందికి దిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు.

వయసుతో వచ్చే నష్టం సాధారణంగా కుడివైపు, అంటే సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన రోమకణాలు దెబ్బతింటాయి, అవి మళ్లీ పుట్టవు. తెలుగులో అచ్చుల బలమంతా బొంగురు శబ్దాల్లో ఉంటుంది. స, శ, త, క, ఫ లాంటి హల్లుల గుర్తింపు సన్నని శబ్దాల మీద ఆధారపడుతుంది. అందుకే "పాలు", "కాలు", "తాలు" మూడూ పెద్దాయనకు ఒకేలా చెవిన పడతాయి. "ఆలు" వినిపిస్తుంది, ముందున్న అక్షరమే జారిపోతుంది. "గట్టిగా అరిస్తే వినపడుతోంది కదా, కావాలనే పట్టించుకోవడం లేదు" అని ఇంట్లోవాళ్లు విసుక్కునేది ఇలాంటప్పుడే. ఆయన తప్పు అందులో ఏమీ లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 68 ఏళ్ల రిటైర్డ్ టీచర్ అనుకోండి. 500 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్, 1000 దగ్గర 40, 2000 దగ్గర 55, 4000 దగ్గర 70. నాలుగూ కలిపి నాలుగుతో భాగిస్తే సుమారు 49. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణలో 20 నుంచి 35 దాకా స్వల్ప నష్టం, 35 నుంచి 50 దాకా మధ్యస్థం, 50 నుంచి 65 దాకా కాస్త తీవ్రం, ఆపైన తీవ్రం. ఈ టీచర్‌ది మధ్యస్థ నష్టం. ఈ అంకెలను గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే చాలా విషయాలు సులువుగా అర్థమవుతాయి.

ఇంకో సంగతి. వినికిడి తగ్గిన ప్రతివారికీ మిషన్ అక్కర్లేదు. గుబిలి గట్టిపడినా, చెవిలో చీము పడుతున్నా, కర్ణభేరికి రంధ్రం ఉన్నా ముందు ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. ఒక చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో వినిపించకుండా పోతే అది అత్యవసర స్థితి, ఆలస్యమైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి నగరం నలుమూలల నుంచే కాదు, జిల్లాల నుంచీ జనం వచ్చేది ఇలాంటి వాటికే.

ఒకే పేరుతో అమ్మే మూడు వేర్వేరు వస్తువులు

బజారులో "చెవి మిషన్" అనే మాట కింద మూడు రకాల సరుకు తిరుగుతోంది.

మొదటిది ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకు దొరికే సౌండ్ యాంప్లిఫయర్. ఇది వచ్చిన ప్రతి శబ్దాన్నీ ఇంచుమించు ఒకే మోతాదులో పెంచుతుంది. మన టీచర్‌కు 500 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా, 4000 దగ్గర చాలా ఎక్కువగా పెంచాలి. ఇది రెండింటినీ సమానంగా పెంచేసరికి ఫ్యాను హోరు, గిన్నెల చప్పుడు చెవిలో మోగుతాయి, "స", "త" మాత్రం అందవు. నాలుగు రోజుల తర్వాత అది సొరుగులోకి చేరుతుంది.

రెండోది జేబు మిషన్. పెట్టె జేబులో, వైరు చెవికి. చూడ్డానికి పాతదిలా ఉన్నా దీన్ని తక్కువ చేయడానికి లేదు. నష్టం బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకు, చేతులు వణికి చిన్న సెల్లు మార్చుకోలేని వృద్ధులకు ఇప్పటికీ పనికొస్తుంది. మామూలు పెన్సిల్ సెల్లుతో నడుస్తుంది.

మూడోది, ఈ వ్యాసం ప్రధానంగా దేని గురించో అది: ప్రోగ్రామ్ చేయగల డిజిటల్ హియరింగ్ ఎయిడ్. మైకు, చిప్, చిన్న స్పీకరు ఉంటాయి. ఆడియోగ్రామ్‌లోని అంకెలను కంప్యూటర్‌లో ఎక్కించి, ఏ శబ్దం ఎంత పెరగాలో చిప్‌కు చెబుతారు. చెవి వెనక పెట్టుకునేది బీటీఈ. స్పీకరు మాత్రం సన్నని తీగతో చెవిలోకి వెళ్లేది ఆర్ఐసీ, ఇప్పుడు క్లినిక్‌లు ఎక్కువగా చూపించేది ఇదే. చెవి రంధ్రంలో పూర్తిగా కూర్చునేది సీఐసీ. బయటికి కనపడదని చాలామంది సీఐసీనే అడుగుతారు గానీ, అందులో సెల్లు చిన్నది, శక్తి తక్కువ, గుబిలి త్వరగా అడ్డుపడుతుంది.

చేసేది కొందరే, అమ్మేది వందలమంది

ప్రపంచంలో అమ్ముడయ్యే హియరింగ్ ఎయిడ్లలో అత్యధిక భాగం అయిదు కంపెనీల చేతుల్లో ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన సోనోవా (ఫోనాక్, యూనిట్రాన్), డెన్మార్క్‌కు చెందిన డిమాంట్ (ఓటికాన్, బెర్నాఫోన్), జీఎన్ (రీసౌండ్), డబ్ల్యూఎస్ ఆడియాలజీ (సిగ్నియా, వైడెక్స్, రెక్స్‌టన్), అమెరికాకు చెందిన స్టార్‌కీ. ఇప్పటికీ "సీమెన్స్ మిషన్ ఇవ్వండి" అని అడిగే పెద్దవాళ్లున్నారు. సీమెన్స్ 2015లోనే ఆ వ్యాపారాన్ని అమ్మేసింది. అదే సివాంటోస్‌గా మారి, సిగ్నియా బ్రాండ్ తెచ్చి, 2019లో వైడెక్స్‌తో కలిసి డబ్ల్యూఎస్ ఆడియాలజీ అయింది. ఆ కంపెనీకి హైదరాబాద్‌లో పరిశోధన, అభివృద్ధి కేంద్రం కూడా ఉంది.

తయారీదారులు కొద్దిమందే కావడంతో ఒక పరిణామం వచ్చింది. వాళ్లు రిటైల్‌లోకీ దిగారు. కొన్ని కంపెనీలు సొంత క్లినిక్‌లు నడుపుతాయి, కొన్ని ఆన్‌లైన్‌లో ప్రకటనలిచ్చి కస్టమర్‌ను దగ్గర్లోని భాగస్వామి క్లినిక్‌కు పంపుతాయి. తయారీ లేకుండా అమ్మకం మీదే నిలిచిన పెద్ద సంస్థ ఇటలీకి చెందిన యాంప్లిఫాన్, మన దేశంలోనూ దాని క్లినిక్‌లున్నాయి. వీటి పక్కనే ఒక ఆడియాలజిస్ట్ సొంతంగా పెట్టుకున్న రెండు గదుల క్లినిక్, ఈఎన్‌టీ ఆసుపత్రిలోనే ఓ గది అద్దెకు తీసుకున్న డీలరు, ఇంటికొచ్చి ట్రయల్ చూపించే ప్రతినిధి, సర్జికల్ షాపు. హైదరాబాద్‌లో ఇవన్నీ పక్కపక్కనే ఉన్నాయి.

బోర్డు చూసి వీటి మధ్య తేడా పట్టడం కష్టం. ఆడియాలజిస్ట్ అనే వృత్తికి మన దేశంలో భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకోసం సాధారణంగా చదివేది బీఏఎస్ఎల్‌పీ అనే నాలుగేళ్ల డిగ్రీ. ఆ కోర్సు సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో ఉంది. ముంబైలోని ఆ సంస్థకు పేరిచ్చిన అలీ యావర్ జంగ్ హైదరాబాదీయే, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా పనిచేశారు.

60 వేల బిల్లులో ఏముంది

ఇక అసలు ప్రశ్న. 60 వేలు దేనికి?

మిషన్ తయారీ ఖర్చు ఆ మొత్తంలో చిన్న భాగమే. పైన కంపెనీ పరిశోధన ఖర్చు, లాభం, దిగుమతి, డిస్ట్రిబ్యూటర్ వాటా చేరతాయి. ఆ తర్వాత వచ్చేది క్లినిక్ వాటా, చూసేవాళ్లకు అన్యాయంగా కనిపించేది అదే. దాన్ని ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఇవి ఏ ఒక్క దుకాణానివో కావు, అర్థం కావడానికి వేసుకున్న అంకెలు.

ఓ క్లినిక్‌కు నెలకు అద్దె 60 వేలు, ఆడియాలజిస్ట్ జీతం 35 వేలు, రిసెప్షన్‌లో ఒకరికి 15 వేలు, కరెంటు, ప్రకటనలు, పరికరాల క్యాలిబ్రేషన్ కలిపి 40 వేలు. మొత్తం లక్షన్నర. నెలకు 30 మిషన్లు అమ్మితే ఒక్కోదాని మీద 5 వేలు పడుతుంది. 10 మాత్రమే అమ్మితే 15 వేలు. ఆ తర్వాతే లాభం. కళ్లద్దాల షాపుకు వచ్చినంత మంది చెవి క్లినిక్‌కు రారు. వచ్చినవాళ్లలోనూ చాలామంది "ఆలోచించుకుని చెబుతాం" అని వెళ్లిపోతారు. వాళ్లకు చేసిన ఉచిత పరీక్ష ఖర్చు కూడా కొన్నవాళ్ల బిల్లులోకే ఎక్కుతుంది.

అంటే ధర ఎక్కువగా ఉంది కాబట్టి కొనేవాళ్లు తక్కువ. కొనేవాళ్లు తక్కువ కాబట్టి ఒక్కో మిషన్ మీద భారం ఎక్కువ. ఈ ముడి విప్పకుండా, దుకాణదారు అత్యాశ ఒక్కటే కారణమంటే సగం నిజమే అవుతుంది.

మిగతా సగం మాటేమిటి? అది కట్టగట్టి అమ్మే పద్ధతిలో ఉంది. మిషన్, పరీక్ష, సెట్టింగ్, వచ్చే నాలుగైదేళ్ల సర్వీసు అన్నీ కలిపి ఒకే ధర చెబుతారు. ఏది ఎంతో కొనేవాడికి తెలియదు. ఏడాది తర్వాత ఊరు మారినా, ఆ క్లినిక్ నచ్చక మానేసినా ముందుగా కట్టిన సర్వీసు డబ్బు పోయినట్టే. ఎంఆర్‌పీ మీద 40, 50 శాతం తగ్గింపు ఇంత తేలిగ్గా ఇవ్వగలగడం కూడా ఈ పద్ధతి వల్లే. ఆసుపత్రి నుంచి పంపినందుకు కమీషన్ తీసుకోవడం డాక్టర్ల వృత్తి నియమాల ప్రకారం నిషిద్ధం, 2002 నాటి నిబంధనల్లోనే అది స్పష్టంగా ఉంది. అయినా ఈ రంగంలో ఆ మాట తరచూ వినపడుతుంది. ఒకే మొత్తంగా చెప్పే ధరలో అలాంటిది కలిసినా బయటికి కనిపించదు. నా అభిప్రాయంలో బిల్లును మిషన్‌కింత, సేవకింత అని రెండుగా విడగొట్టడమే ఈ వ్యాపారంలో రావాల్సిన మొదటి మార్పు.

ఖరీదైన మోడల్‌కూ మధ్య రకానికీ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా కంపెనీలు ఒకే చిప్ మీద మూడు నాలుగు స్థాయిల మోడళ్లు తెస్తాయి. పై స్థాయిలో ఎక్కువ చానెళ్లు (శబ్దాన్ని విడగొట్టి విడివిడిగా సరిచేసే భాగాలు), గోలలో మాటను వేరుచేసే సౌకర్యాలు సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఉంటాయి, కింది స్థాయిలో మూసి ఉంటాయి. మరి పై స్థాయి పెట్టినంత లాభమిస్తుందా? అమెరికాలో మెంఫిస్ యూనివర్సిటీ పరిశోధకులు స్వల్ప, మధ్యస్థ నష్టం ఉన్న వృద్ధుల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజువారీ వాడకంలో ప్రీమియం, బేసిక్ మిషన్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత చిప్‌లు బాగా మారాయి కాబట్టి ఆ ఫలితాన్ని నేటి మోడళ్లకు యథాతథంగా అంటగట్టలేం. కానీ ఇంట్లో నలుగురితో మాట్లాడుతూ, టీవీ చూసుకునే మనిషికీ, రోజంతా మీటింగుల్లో గడిపే మనిషికీ ఒకే మోడల్ చూపిస్తున్నారంటే అక్కడ ఆగి అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టే.

సెట్టింగ్ అనే కనిపించని పని

సేవ అంటున్నది ఏమిటో దగ్గరగా చూద్దాం. కంప్యూటర్‌లో ఆడియోగ్రామ్ ఎక్కించి ఒక బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ తనంతట తానే సెట్టింగ్ ఇస్తుంది. దాన్ని ఫస్ట్ ఫిట్ అంటారు. అక్కడితో ఆపేసే క్లినిక్‌లున్నాయి. పని తెలిసిన ఆడియాలజిస్ట్ అక్కడి నుంచి మొదలుపెడతారు. తన నోటికి కాగితం అడ్డుపెట్టుకుని, పెదాలు కనపడకుండా "ఆ", "ఈ", "ఊ", "మ్", "ష్", "స్" అని ఒక్కోటీ పలికి, పెద్దాయన తిరిగి చెప్పగలుగుతున్నారో లేదో చూస్తారు. "ష్" అందింది, "స్" అందలేదంటే ఏ ఫ్రీక్వెన్సీ పెంచాలో తెలుస్తుంది. కొన్నిచోట్ల వెంట్రుకంత సన్నని గొట్టాన్ని కర్ణభేరి దగ్గరికి పంపి, మిషన్ ఇస్తున్న శబ్దం నిజంగా అక్కడికి ఎంత చేరుతోందో కొలుస్తారు. రియల్ ఇయర్ పరీక్ష అంటే ఇదే. దానికి వేరే పరికరం కావాలి, అన్ని క్లినిక్‌లలో ఉండదు.

మొదటి వారం కష్టంగానే ఉంటుంది. పేపరు మడత శబ్దం, కుక్కరు విజిల్, తన గొంతు తనకే వింతగా వినపడటం. మోల్డ్, అంటే చెవి కొలతకు చేసిన అచ్చు, సరిగా కూర్చోకపోతే కుయ్‌మని అరుపు. ఏళ్ల తరబడి ఆ శబ్దాలు అందని మెదడు వాటికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో రెండు మూడుసార్లు సెట్టింగ్ సరిచేస్తే మిషన్ చెవిలో ఉంటుంది. లేకపోతే 2 లక్షల మిషన్ కూడా డబ్బాలోనే ఉంటుంది.

అయిదేళ్ల లెక్క

ధర చూసి ఆగిపోకుండా వాడకం ఖర్చు కూడా కలిపితే బొమ్మ మారుతుంది. రెండు చెవులకూ 60 వేల చొప్పున లక్షా 20 వేలు. 312 సైజు సెల్లు ఇంచుమించు వారం వస్తుంది. రెండు చెవులకు ఏడాదికి 104 సెల్లులు, ఒక్కోటి 35 రూపాయలనుకుంటే 3,640. అయిదేళ్లకు 18,200. చెవిలో పెట్టే డోములు, గుబిలి ఫిల్టర్లు ఏడాదికి 1,500 చొప్పున 7,500. వారంటీ దాటాక ఒక రిపేరు 10 వేలు. మొత్తం 1,55,700. రోజుకు సుమారు 85 రూపాయలు. అదే 25 వేల మోడల్ అయితే మిగతా ఖర్చులన్నీ అవే, మొత్తం 85,700, రోజుకు 47.

చార్జింగ్ మోడళ్లకు సెల్లుల ఖర్చు ఉండదు, కానీ నాలుగైదేళ్లకు లోపలి బ్యాటరీ మార్చాలి. హియరింగ్ ఎయిడ్లకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మిషన్ ధర మీద ఆ పన్ను కలపకూడదు. ఆరోగ్య బీమా పాలసీల్లో ఎక్కువ భాగం దీని ఖర్చు ఇవ్వవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లకు వాళ్ల ఆరోగ్య పథకం సీజీహెచ్ఎస్ ఒక పరిమితి దాకా తిరిగి చెల్లిస్తుంది.

డల్లాస్ నుంచి తెచ్చే జత సంగతి కూడా ఈ లెక్కలోదే. కాస్ట్‌కో ధర తక్కువగా ఉండటానికి కారణం ఆ గొలుసు దుకాణాలు పెద్ద సంఖ్యలో అమ్మడం, పైన చూసిన 10 మిషన్లు, 30 మిషన్ల తేడాయే. కానీ ఆ ధరలో కలిసిన సర్వీసు అమెరికాలో ఉంటుంది, వారంటీ సాధారణంగా కొన్న దేశానికే. తల్లిదండ్రుల ఆడియోగ్రామ్ ఇక్కడిది పంపి అక్కడ సెట్ చేయించినా, మళ్లీ సరిచేయాలంటే ఇక్కడి క్లినిక్‌లో ఆ బ్రాండ్ సాఫ్ట్‌వేర్ ఉండాలి, బయట కొన్న మిషన్‌కు పనిచేయడానికి వాళ్లు ఒప్పుకోవాలి. కొన్ని మోడళ్లను అమ్మిన గొలుసు దుకాణాలు తప్ప వేరేవాళ్లు తెరవలేకుండా లాక్ చేసి ఇస్తారు. ఫోన్ ద్వారా దూరం నుంచి సెట్టింగ్ మార్చే సౌకర్యం ఉన్న మోడలైతే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

సర్కారు సాయం అందేదెవరికి, అందనిదెవరికి

కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఏడీఐపీ పథకం కింద వికలాంగులకు ఉపకరణాలు ఇస్తారు, హియరింగ్ ఎయిడ్లు అందులో ఉన్నాయి. నెల ఆదాయం 22,500 దాకా ఉంటే పూర్తిగా ఉచితం, 30 వేల దాకా సగం ధర. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. సరఫరా ఎక్కువగా కాన్పూర్‌లోని ప్రభుత్వ సంస్థ అలింకో ద్వారా జరుగుతుంది.

చిక్కు సర్టిఫికెట్ దగ్గరే వస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే వినికిడి వైకల్యం, 70 దాటితే బధిరత్వం. మన టీచర్ నష్టం 49. ఆయనకు మిషన్ అవసరం, చట్టం దృష్టిలో మాత్రం వైకల్యం లేదు. ఏడీఐపీ రాదు. పెద్ద పెన్షన్ లేకపోతే 60 వేలూ పెట్టలేరు. వయసు మీదపడి వినికిడి తగ్గినవాళ్లలో ఎక్కువమంది ఈ మధ్య జాగాలోనే ఉంటారు. ఆన్‌లైన్‌లో 1,200 రూపాయల యాంప్లిఫయర్ కొంటున్నదీ ముఖ్యంగా వీళ్లే.

60 ఏళ్లు దాటిన పేదలకు మాత్రం ఇంకో తలుపు ఉంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో వయసుతో వచ్చిన బలహీనతలకు ఉపకరణాలు ఇస్తారు, హియరింగ్ ఎయిడ్ కూడా ఆ జాబితాలో ఉంది. శిబిరాల్లో ఇచ్చే మిషన్ల మీద వినపడే ఫిర్యాదు నాణ్యత గురించి కన్నా, ఇచ్చాక సెట్టింగ్ సరిచేసే దిక్కు లేకపోవడం గురించే.

ధరకు కళ్లెం వేయాలా?

గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్లకు 2017లో ధర పరిమితి పెట్టారు కదా, చెవి మిషన్లకు ఎందుకు పెట్టరు అన్నది న్యాయమైన ప్రశ్నే. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలూ ఔషధాల నిర్వచనంలోకి వచ్చాయి. దాని ప్రకారం ఏడాదిలో ఎంఆర్‌పీని 10 శాతానికి మించి పెంచకూడదు. కానీ మొదట ఎంత పెట్టాలన్నది కంపెనీ ఇష్టం. 2021 జూలైలో పల్స్ ఆక్సీమీటర్, బీపీ మిషన్, గ్లూకోమీటర్ సహా అయిదు పరికరాలకు వ్యాపారుల లాభాన్ని 70 శాతానికి పరిమితం చేశారు. హియరింగ్ ఎయిడ్ అందులో లేదు.

పరిమితి కావాలనేవాళ్ల వాదన: ఎంఆర్‌పీలో సగం తగ్గించి కూడా లాభం చూసుకోగలుగుతున్నారంటే ఆ ఎంఆర్‌పీకి అర్థమే లేదు, రోగి బేరమాడలేని స్థితిలో ఉంటాడు. వద్దనేవాళ్ల వాదన: స్టెంట్ వేసే సర్జరీకి ఆసుపత్రి విడిగా బిల్లు వేస్తుంది, ఇక్కడ సేవ ధర మిషన్‌లోనే దాగి ఉంది. మార్జిన్ కోస్తే ముందు పోయేది సెట్టింగ్‌కు వెచ్చించే సమయమే. రెండింటిలోనూ బలముంది.

ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. 2021 జనవరి నుంచి ఒక తరగతి హియరింగ్ ఎయిడ్లకు చెవికి 950 యూరోల గరిష్ఠ ధర పెట్టి, ఆ మొత్తాన్ని ప్రభుత్వ బీమా, అనుబంధ బీమా కలిపి భరించేలా చేసింది, అందులో తర్వాతి సర్వీసు కూడా ఉంది. ఆ ఏడాది అక్కడ అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ చాలాకాలంగా మిషన్లు ఉచితంగానే ఇస్తోంది, అయినా అక్కడ అవసరమున్నవాళ్లు ఎందరో పెట్టుకోరు. ధర ఒక్కటే అడ్డు కాదని దానివల్ల తెలుస్తుంది. "చెవుడు" అనిపించుకోవాల్సి వస్తుందన్న సంకోచం మన దగ్గర ఎంత బలంగా ఉందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కళ్లద్దాలకు లేని నామోషీ దీనికుంది.

ఇయర్‌బడ్స్, ఓటీసీ, ఏఐ: రానున్న రోజులు

అమెరికాలో 2022 అక్టోబర్ 17 నుంచి పెద్దలకు స్వల్ప, మధ్యస్థ నష్టానికి పరీక్ష, ప్రిస్క్రిప్షన్ లేకుండా నేరుగా కొనుక్కునే ఓటీసీ హియరింగ్ ఎయిడ్లకు అనుమతి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2లోని హియరింగ్ ఎయిడ్ సాఫ్ట్‌వేర్‌కు అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం తెలిపింది. 2025లో కళ్లద్దాల దిగ్గజం ఎసిలార్ లక్సోటికా, ఫ్రేములోనే వినికిడి సాయం ఉన్న న్యూయాన్స్ ఆడియో అద్దాలు తెచ్చింది. మన దేశంలో ఓటీసీ అనే ప్రత్యేక తరగతి ఇంకా లేదు.

ఇది మంచిదా కాదా అన్న దాని మీద నిపుణుల్లో నిజమైన భేదముంది. దక్షిణాఫ్రికాలో చేసి 2023లో ప్రచురించిన ఓ పరీక్షలో, తామే సెట్ చేసుకునే మిషన్ వాడినవాళ్లకూ ఆడియాలజిస్ట్ సెట్ చేసినవాళ్లకూ ఆరు వారాల తర్వాత ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది 60 మందికి కొంచెం పైగా ఉన్న చిన్న బృందం మీద చేసింది, నష్టం స్వల్పం, మధ్యస్థం. ఆడియాలజిస్ట్‌లు తక్కువగా ఉన్న మనలాంటి దేశానికి ఇదే దారని ఒక పక్షం అంటుంది. చెవిలో చీము, గుబిలి ఇంత సాధారణమైన చోట చెవి లోపలికి చూడకుండా మిషన్ పెట్టించడం ప్రమాదమని రెండో పక్షం. నాకు రెండో మాటలో బరువెక్కువ కనిపిస్తుంది. అయితే ఒకసారి ఈఎన్‌టీ డాక్టర్ చూసి సరేనన్నాక కొనుక్కునే స్వేచ్ఛ ఉండటంలో తప్పు కనపడదు.

ఇయర్‌బడ్స్‌కు హద్దులున్నాయి. ఒకసారి చార్జ్ చేస్తే కొన్ని గంటలే, మిషన్ అయితే పొద్దున్నుంచి రాత్రి దాకా. తీవ్ర నష్టానికి అవి చాలవు. చెవిలో బడ్ పెట్టుకుని మాట్లాడితే ఎదుటివాళ్లు పాటలు వింటున్నారనుకుంటారు. మరోపక్క, ఇంకా ఉద్యోగంలో ఉన్న 50 ఏళ్ల మనిషికి మొహమాటం లేకుండా మొదలుపెట్టడానికి అంతకన్నా తేలికైన దారి లేదు.

అసలు మిషన్లలో మార్పు గోల దగ్గర వస్తోంది. ఓటికాన్ 2021లో లోతైన న్యూరల్ నెట్‌వర్క్ అనే ఏఐ పద్ధతితో శిక్షణ పొందిన చిప్‌ను, ఫోనాక్ 2024లో మాటను గోల నుంచి అప్పటికప్పుడు వేరుచేయడానికే ప్రత్యేకమైన చిప్‌ను తెచ్చాయి. పెళ్లిలో భోజనాల పంక్తి దగ్గరో, ఫంక్షన్ హాల్లోనో మాట అందకపోవడమే వాడేవాళ్ల అతిపెద్ద ఫిర్యాదు కాబట్టి ఈ దిశ సరైనదే. ఇవి ఇప్పుడు పై ధరల్లోనే ఉన్నాయి. ఈ రంగంలో పై సౌకర్యాలు కొన్నేళ్లకు కింది మోడళ్లలోకి దిగుతుంటాయి.

"మిషన్ పెట్టుకోకపోతే మతిమరుపు వస్తుంది" అనే ప్రకటనలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అచీవ్ పరీక్ష 70 నుంచి 84 ఏళ్ల మధ్య 977 మందిని మూడేళ్లు గమనించింది. అందరినీ కలిపి చూస్తే జ్ఞాపకశక్తి తగ్గుదలలో తేడా లేదు. ముందు నుంచే ముప్పు ఎక్కువగా ఉన్న ఒక బృందంలో మాత్రం తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ భయపెట్టి అమ్మడానికి అది ఆధారం కాదు.

గిరాకీ పెరుగుతుందనడంలో సందేహం లేదు. 2011 లెక్కల్లో దేశంలో 60 దాటినవాళ్లు 10 కోట్ల పైచిలుకు, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనాలో 2050 నాటికి దాదాపు 35 కోట్లు. అవసరమున్నవాళ్లలో ప్రపంచవ్యాప్తంగా మిషన్ వాడుతున్నది సుమారు 17 శాతమే. అయితే మార్కెట్ ఇన్ని వేల కోట్లు అవుతుందని వచ్చే నివేదికల అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఒకరు దిగుమతి విలువ లెక్కేస్తారు, ఇంకొకరు కస్టమర్ కట్టిన ధర, మరొకరు శిబిరాల్లో ఇచ్చిన జేబు మిషన్లనూ కలుపుతారు.

నగరంలోని క్లినిక్‌ల పరిస్థితిని నిర్ణయించేది బహుశా ఈ అంకెలు కావు. స్వల్ప నష్టం ఉన్నవాళ్లు ఇయర్‌బడ్స్, అద్దాలు, ఆన్‌లైన్ మిషన్ల వైపు మళ్లితే క్లినిక్‌కు మిగిలేది మధ్యస్థ, తీవ్ర నష్టమున్నవాళ్లు, వేరేచోట కొన్న మిషన్ సెట్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లు. నెలకు 30 అమ్మే చోట 10 అమ్మితే పాత పద్ధతిలో ఒక్కో మిషన్ మీద భారం 15 వేలకు చేరుతుంది, ధర ఇంకా పెంచాల్సి వస్తుంది. అలా కాకుండా పరీక్షకింత, సెట్టింగ్‌కింత, ఏడాది సర్వీసుకింత అని విడిగా రుసుము పెడితే మిషన్ ఎక్కడ కొన్నా ఆడియాలజిస్ట్‌కు పని ఉంటుంది. అమెరికాలో కొన్ని క్లినిక్‌లు ఇప్పటికే అలా విడగొట్టాయి. ఇక్కడ అడ్డంకి ఏమిటంటే, చెవి పరీక్ష అంటే ఉచితం అని ఏళ్ల తరబడి ప్రకటనలిచ్చింది ఈ క్లినిక్‌లే. 800 రూపాయల సెట్టింగ్ ఫీజు అడిగితే "60 వేలు పెట్టి కొన్నాం కదా, మళ్లీ ఇదేంటి" అని జనం అడుగుతారు. ఆ ప్రశ్నకు బిల్లులో రాతపూర్వకంగా జవాబు చూపించగలిగిన క్లినిక్‌లకే ఆ ఫీజు వసూలవుతుంది.